సూక్ష్మజీవుల లోకంలో యల్లాప్రగడ సుబ్బారావు

ప్రపంచంలో ఏ మూల ఏ మందుల దుకాణానికి వెళ్ళినా డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు కృషి ఏదో ఒక రూపంలో అక్కడ కనిపిస్తుంది. గర్భిణులకు ఇచ్చే ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు వాడే మాత్ర, కాన్సరు చికిత్సలో వాడే మెథోట్రెక్సేట్, టెట్రాసైక్లిన్ వర్గపు మందులు - వీటన్నింటి పుట్టుకలోనూ ఆయనకూ ఆయన సహచరులకూ భాగం ఉంది. అయినా ఆ మందులు వాడినవారిలో ఆయన పేరు విన్నవారు బహు కొద్దిమంది.

ఈ మందులలో టెట్రాసైక్లిన్‌లది ఒక ప్రత్యేకమైన కథ. ఫోలిక్ ఆమ్లం ఎనభై ఏళ్ళ క్రితం ఎలా పనిచేసిందో నేడూ అలాగే పనిచేస్తుంది. టెట్రాసైక్లిన్ అలా కాదు. ఒకనాడు దానికి లొంగిన వ్యాధులలో కొన్ని నేడు లొంగడం లేదు. మందు మారలేదు. అది ఎదుర్కొన్న బాక్టీరియాలు మారాయి. ఎలా మారాయో తెలుసుకోవాలంటే సుబ్బారావు జీవితంనుండే మొదలుపెట్టాలి.

సుబ్బారావు 1895 జనవరి 12న నేటి పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో ఆయన నాలుగవవారు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఇంట్లో కలిమి లేదు. బాలుడికి చదువుపై శ్రద్ధ కూడా అంతంతమాత్రమే. పదమూడేళ్ళ వయసులో కాశీకి వెళ్ళి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావాలన్న ఆలోచనతో ఇల్లు విడిచి బయలుదేరారు. తల్లి ఆయనను వెనక్కు రప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. రాజమండ్రిలోను, ఆపై మద్రాసు హిందూ ఉన్నత పాఠశాలలోను చదివి, మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుతున్న కాలంలో ఆయన మనసు రామకృష్ణ మఠంవైపు మళ్ళింది. సన్యసించడానికి తల్లి అంగీకరించలేదు. వైద్యం నేర్చి రోగులకు సేవచేయడం కూడా ఒక సాధనే అన్న భావంతో ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. మిత్రులు, ఆయనకు పిల్లనిచ్చిన కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆర్థికంగా ఆదుకున్నారు. 1919లో శేషగిరితో వివాహం జరిగింది. గాంధీజీ పిలుపు అందుకొని ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతికి వెళ్ళినందుకు ఆంగ్లేయ ఆచార్యుడు ఆగ్రహించాడు. రాత పరీక్షలలో రాణించినా సుబ్బారావుకు పూర్తి స్థాయి పట్టం దక్కలేదు. అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఒక నూలుచొక్కాకు ఇంత మూల్యం ఏమిటని మనకు అనిపించవచ్చు. ఆనాటి పాలకులకు ఆ చొక్కా అర్థం బాగానే తెలుసు. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం రాకపోవడంతో ఆయన డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు.

ఆయన దారిని నిర్ణయించిన సంఘటన మాత్రం తరగతి గదిలో జరిగినది కాదు. ఇద్దరు సోదరులు ఎనిమిది రోజుల వ్యవధిలో ఒకే వ్యాధితో మరణించారు. ఆ వ్యాధి పేరు ఉష్ణమండల స్ప్రూ. తిన్న ఆహారం ఒంటపట్టదు. విరేచనాలు ఆగవు. నాలుక పూస్తుంది, రక్తం పలచబడుతుంది, మనిషి రోజురోజుకూ కృశించిపోతాడు. మన వైద్యులు గ్రహణి అని పిలిచే వ్యాధికి ఇది దగ్గరిది. తరువాత సుబ్బారావుకు కూడా అదే జబ్బు సోకింది. డాక్టర్ లక్ష్మీపతి చికిత్సతో ఆయన బతికి బయటపడ్డారు. తాను ఎందుకు బతికాడో, సోదరులు ఎందుకు బతకలేదో చెప్పగల శాస్త్రం ఆనాడు లేదు. చిన్నప్రేవులలో బాక్టీరియాలు మితిమీరి పెరగడం, దానితోపాటు ఫోలిక్ ఆమ్లం కొరత ఏర్పడడం ఈ వ్యాధి లక్షణాలని వైద్యలోకానికి తెలియడానికి ఇంకా కొన్ని దశాబ్దాలు పట్టింది.

కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సహాయంతోను, మామగారి సొమ్ముతోను సుబ్బారావు 1922 అక్టోబరులో బోస్టన్ నగరం చేరారు. గర్భవతియైన భార్యను ఇంటివద్ద విడిచి వెళ్ళారు. పుట్టిన కుమారుడు శైశవంలోనే మరణించాడు. ఆ బిడ్డను తండ్రి చూడలేదు. భార్యను కూడా ఆయన తిరిగి చూడలేదు. ఆయన ఘనతను చెప్పేటప్పుడు ఈ మాట దాటవేయడం న్యాయం కాదు. ఆయన సాధించిన వాటికి మూల్యం చెల్లించినవారిలో శేషగిరి మొదటివారు.

హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల వైద్యం చదువుతూ, పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట సేవకుడిగా పనిచేశారు. ఆపై ఓటో ఫోలిన్ నడిపే జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ వద్ద పరిశోధన ప్రారంభించారు. రక్తంలోను, మూత్రంలోను ఉండే భాస్వరాన్ని నీలిరంగు గాఢతనుబట్టి కొలిచే పద్ధతిని వారిద్దరూ 1925లో ప్రకటించారు. ఫిస్క్ - సుబ్బారావు పద్ధతిగా అది పాఠ్యగ్రంథాలకెక్కింది. ఆ పద్ధతి సాయంతోనే 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి. అనే అణువును వెలికితీశారు. దాదాపు అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా ఏ.టి.పి.ని కనుగొన్నాడు.

కండరంలో దొరికిన ఆ అణువు మనిషికి మాత్రమే చెందినది కాదని తరువాత తేలింది. ఏనుగులోను, మర్రిచెట్టులోను, మట్టిలోని బాక్టీరియాలోను శక్తిని చేతులు మార్చే నాణెం అదే. కోట్లాది సంవత్సరాల క్రితం విడిపోయిన జీవరాశులన్నీ ఒకే మూలంనుండి వచ్చాయనడానికి ఇటువంటి ఉమ్మడి ఆస్తులు బలమైన ఆధారాలు. బాక్టీరియాలు మనకు దూరపు బంధువులే గాని పరాయివి కావు. వాటితో యుద్ధం కష్టం కావడానికి ఇదీ ఒక కారణం. వాటిని చంపే విషం మనలను చంపకూడదు. ఆ బంధువుకూ మనకూ తేడా ఎక్కడ ఉందో వెదికి అక్కడే దెబ్బకొట్టాలి.

హార్వర్డులో ఆయనకు స్థిరమైన పదవి లభించలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలో చేరి, కొద్దికాలానికే పరిశోధన సంచాలకులయ్యారు. అక్కడ ఆయన చేపట్టిన మొదటి పెద్ద పని రక్తహీనతను పోగొట్టే ఒక పదార్థాన్ని కాలేయంనుండి వేరుచేయడం. ఆ పదార్థం కాలేయంలో అత్యల్పంగా ఉంటుంది. దానిని కొలిచే సాధనం లేదు. ఆ కొరత తీర్చింది ఒక బాక్టీరియా.

దాని పేరు లాక్టోబాసిల్లస్ కేసీ. పాలను పులియబెట్టే జాతికి చెందినది. ఈ బాక్టీరియాకు కావలసిన ఆహారమంతా గాజునాళికలో పోసి, ఫోలిక్ ఆమ్లం ఒక్కటి మానివేస్తే అది పెరగదు. నాళికలోని ద్రవం తేటగానే ఉంటుంది. కాలేయసారం ఒక చుక్క వేస్తే పెరగడం మొదలుపెడుతుంది. ద్రవం మసకబారుతుంది. ఎంత మసకబారిందో చూసి, చుక్కలో ఎంత ఫోలిక్ ఆమ్లం ఉందో లెక్కకట్టవచ్చు. ఇంత సున్నితమైన త్రాసును ఏ యంత్రనిర్మాతా చేసి ఇవ్వలేదు. ఈ త్రాసును పట్టుకొని లెడర్లీ బృందం ఆ పదార్థాన్ని వేరుచేసింది, దాని నిర్మాణం కనుగొన్నది, 1945 నాటికి కృత్రిమంగా తయారుచేసింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించవలసిన విషయం ఉంది. చాలా బాక్టీరియాలు తమకు కావలసిన ఫోలిక్ ఆమ్లాన్ని తామే తయారుచేసుకుంటాయి. మనుషులం ఆ పని చేయలేము, ఆకుకూరలనుండి, పప్పుదినుసులనుండి పొందుతాము. సల్ఫా మందులు దెబ్బకొట్టేది ఈ తేడామీదనే. బాక్టీరియా లోపలి ఆ తయారీని అవి అడ్డుకుంటాయి. మనలో ఆ తయారీయే లేదు కనుక మనకు హాని కలగదు. మరి లాక్టోబాసిల్లస్ కేసీ ఎందుకు తయారుచేసుకోలేదు? పాలవంటి పోషక సమృద్ధమైన చోట్ల నివసించే ఈ జాతి పూర్వులకు అన్నీ సిద్ధంగా దొరికాయి. వంట వండే జన్యువు చెడిపోయినా ప్రాణానికి ముప్పు రాలేదు. తరతరాలుగా అటువంటి జన్యువులు ఒక్కొక్కటే జారిపోయాయి. లాక్టిక్ ఆమ్ల బాక్టీరియాల జన్యుపటాలను పోల్చి 2006లో ప్రచురించిన ఒక విస్తృత అధ్యయనం ఈ జన్యునష్టాన్ని స్పష్టంగా చూపింది. పరిణామమంటే ఎప్పుడూ కొత్తది సంపాదించడమే అనుకుంటాము. అక్కరలేనిదాన్ని పోగొట్టుకోవడం కూడా పరిణామమే. సుబ్బారావు చేతిలోని త్రాసు అటువంటి నష్టంనుండి పుట్టినదే.

ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన నకిలీ అణువులను కూడా ఆయన బృందం తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త కాన్సరు సోకిన పిల్లలలో తాత్కాలికంగానైనా వ్యాధిని తగ్గించగలిగాడు. 1948లో ఈ ఫలితాలు ప్రకటితమయ్యాయి. మెథోట్రెక్సేట్ దానికి దగ్గరి చుట్టమే. 1947లో బోదకాలుకు హెట్రజాన్ వెలువడింది. డి.ఇ.సి. అన్న పేరుతో మన దేశంలో బోదకాలు నివారణకు పంచే మాత్ర అదే.

ఇక మట్టి సంగతికి వద్దాం. అప్పటికి పెన్సిలిన్ వచ్చింది, స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. వాటికి లొంగని వ్యాధులు ఎన్నో మిగిలి ఉన్నాయి. ఒక్కటే మందు అనేక రకాల బాక్టీరియాలపై పనిచేయాలన్నది సుబ్బారావు కోరిక. ఆయన పర్యవేక్షణలో లెడర్లీలో మట్టి నమూనాల పరీక్ష సాగింది. విశ్వవిద్యాలయంలో పదవీవిరమణ చేసి డెబ్భై ఏళ్ళు దాటాక అక్కడ చేరిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ ఈ పని చేపట్టాడు. 1945లో మిస్సోరీ విశ్వవిద్యాలయపు సాన్‌బార్న్ ప్రయోగ క్షేత్రంనుండి వచ్చిన గడ్డిమడి మట్టిలో పసిడివన్నె గల ఒక స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియా దొరికింది. అది తయారుచేసే పదార్థానికి ఆ రంగునుబట్టి ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. టెట్రాసైక్లిన్ వర్గంలో మొదటిది అదే.

స్ట్రెప్టోమైసిస్ అంటే ఎక్కడో అమెరికా మట్టిలో ఉండే వింతజీవి కాదు. వికారాబాదు జిల్లాలోని బంట్వారం, తాండూరు ప్రాంతాల కందిచేలలో తొలకరి జల్లు పడగానే కమ్మని మట్టివాసన లేస్తుంది. ఆ వాసనకు ముఖ్య కారణమైన పదార్థాన్ని తయారుచేసేవి ఈ వర్గపు బాక్టీరియాలే. అదే చేలో కందిమొక్కను పెరికి చూస్తే వేళ్ళకు చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే మరో రకం బాక్టీరియాలు వాటిలో ఉంటాయి. పిడికెడు మట్టిలో ఇన్ని వృత్తులవారు కాపురముంటున్నారు. చోటు కోసం, తిండి కోసం ఒకరితో ఒకరికి పోటీ తప్పదు. పొరుగువారిని అణచడానికి స్ట్రెప్టోమైసిస్ చేసుకున్న ఆయుధం మనకు ఔషధమైంది.

ఆరియోమైసిన్‌ను 1948 జూలై 21న న్యూయార్కులో శాస్త్రజ్ఞుల సభలో ప్రకటించారు. పేటెంటు డగ్గర్ పేరుతో వెలువడింది. సుబ్బారావు తన పేరు ముందుకు తేవాలని ప్రయత్నించలేదు. ఆ తరువాత మూడు వారాలైనా గడవకముందే, ఆగస్టులో, నిద్రలోనే గుండె ఆగి ఆయన కన్నుమూశారు. వయసు 53 సంవత్సరాలు. ఉష్ణమండల స్ప్రూకు వైద్యులు ఇచ్చే చికిత్స రెండు మందుల కలయిక. ఒకటి ఫోలిక్ ఆమ్లం, రెండవది టెట్రాసైక్లిన్. సోదరులను బలిగొన్న వ్యాధికి మందు వెదకాలని బయలుదేరిన మనిషి ప్రయోగశాలనుండే ఆ రెండింటి మూలాలూ వచ్చాయి.

ఆరియోమైసిన్, దాని వెనుక వచ్చిన టెట్రాసైక్లిన్‌లు లోకమంతటా లక్షలాది ప్రాణాలు నిలిపాయి. కలరా, టైఫస్ వంటి వ్యాధులలో అవి ఆదుకున్నాయి. 1994లో సూరత్‌లో ప్లేగు భయం వ్యాపించినప్పుడు జనం దుకాణాలలో వెదికింది టెట్రాసైక్లిన్ కోసమే. కాని బాక్టీరియాల సమాధానం సుబ్బారావు మరణించిన కొద్ది సంవత్సరాలకే మొదలైంది.

ఆ సమాధానం ఎలా పుడుతుంది? అనుకూలమైన పరిస్థితులలో ప్రేవులలోని ఇ. కోలై బాక్టీరియా సుమారు ఇరవై నిమిషాలకు ఒకటి రెండవుతుంది. ఆహారం తరగకుంటే ఒక్క కణం పది గంటలలో నూట ఏడు కోట్లకు చేరుతుంది. ప్రతి విభజనలోను జన్యుపటం మొత్తం మళ్ళీ రాయాలి. రాతలో అప్పుడప్పుడు పొరపాట్లు దొర్లుతాయి. వాటినే ఉత్పరివర్తనాలు అంటాము. చాలావాటివల్ల ఏమీ జరగదు, కొన్నింటివల్ల కణం చస్తుంది. ఎక్కడో ఒక పొరపాటు మందునుండి కాపాడుతుంది. మందు వచ్చి మిగిలినవాటిని తుడిచిపెడితే ఆ ఒక్కటే మిగిలి వంశాన్ని విస్తరిస్తుంది. ప్రకృతి వరణమంటే ఇదే.

మందు తగలడంవల్లనే బాక్టీరియా మారుతుందా, లేక ముందే మారినదాన్ని మందు ఏరుతుందా అన్న సందేహం చాలాకాలం ఉండేది. సుబ్బారావు లెడర్లీలో పనిచేస్తున్న రోజుల్లోనే, 1943లో, సాల్వడార్ లూరియా, మాక్స్ డెల్‌బ్రూక్ దీనిని తేల్చారు. వేరువేరు నాళికలలో బాక్టీరియాలను పెంచి, చివరలో వాటిని చంపే వైరస్‌ను తగిలించారు. వైరస్ తగిలాకనే మార్పు వచ్చేటట్లయితే ప్రతి నాళికలోను బతికినవి ఇంచుమించు సమానంగా ఉండాలి. అలా లేవు. కొన్నింటిలో ఒక్కటీ లేదు, కొన్నింటిలో కుప్పలుగా ఉన్నాయి. మార్పు ఎక్కడ ముందుగా వచ్చిందో అక్కడ సంతానం అంతగా పెరిగిందన్నమాట. అంటే ఆపదకు ముందే అది యాదృచ్ఛికంగా వచ్చింది.

వంశపారంపర్యమే కాదు, బాక్టీరియాలకు మరో దారి కూడా ఉంది. జపానులో 1950ల మధ్యలో రక్తవిరేచనాలు కలిగించే షిగెల్లా బాక్టీరియాలు సల్ఫా, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్ - ఈ నాలుగింటికీ ఒక్కసారే లొంగకుండా కనిపించాయి. నాలుగు పొరపాట్లు ఒకే కణంలో వరుసగా కలిసిరావడం నమ్మశక్యం కాదు. ఈ నిరోధకత మొత్తం మూటగా ఇ. కోలైనుండి షిగెల్లాకు, షిగెల్లానుండి ఇ. కోలైకి చేరగలదని 1959లో జపాను శాస్త్రజ్ఞులు నిరూపించారు. ప్లాస్మిడ్ అనే చిన్న జన్యువలయం ఆ మూట. అది జాతిభేదం లేకుండా ఒక కణంనుండి మరో కణానికి అందుతుంది. మనుషులలో ఆస్తి తండ్రినుండి కొడుకుకు వస్తుంది. బాక్టీరియాలలో దారినపోయే అపరిచితుడు కూడా ఇచ్చిపోగలడు.

ఆ మూటలో టెట్రాసైక్లిన్‌కు ఏ విరుగుడు ఉంది? ఈ మందు బాక్టీరియా కణంలో చేరి, ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమును స్తంభింపజేస్తుంది. అమెరికాలో స్టువర్ట్ లెవీ బృందం 1980లో ఒక విషయం బయటపెట్టింది. నిరోధక బాక్టీరియా లోపలికి వచ్చిన మందును, పడవలో చేరిన నీటిని తోడిపోసినట్లు, శక్తిని ఖర్చుచేసి బయటికి తోడివేస్తుంది. మరికొన్ని బాక్టీరియాలు రైబోజోముమీద కూర్చున్న మందును ఒక ప్రోటీనుతో పక్కకు నెట్టివేస్తాయి. ఇంకొన్ని ఎంజైముతో మందునే ముక్కలుచేస్తాయి.

మనం చేసిన పని కూడా దీనికి తోడైంది. ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని మేతలో కలిపితే కోడిపిల్లలు వేగంగా పెరుగుతున్నాయని లెడర్లీ శాస్త్రజ్ఞులు థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ గమనించి 1950లో ప్రకటించారు. అప్పటినుండి జబ్బులేని పశువులకు, కోళ్ళకు మందును మేతగా పెట్టడం లోకమంతా అలవాటైంది. 1976లో లెవీ బృందం మరో పరిశోధనను ప్రచురించింది. టెట్రాసైక్లిన్ కలిపిన మేత తిన్న కోళ్ళ ప్రేవులలో ఒక వారంలోనే దాదాపు అన్నీ నిరోధక బాక్టీరియాలే అయ్యాయి. కొన్ని నెలలకు ఆ మందు ముట్టని పెంపకందారుల కుటుంబంలో కూడా అవి కనిపించాయి. పెరుగుదల కోసం మేతలో యాంటీబయోటిక్‌లు కలపడాన్ని యూరోపియన్ యూనియన్ 2006లో పూర్తిగా నిషేధించింది. కోళ్ళు, పశువుల పెంపకంలో కోలిస్టిన్ అనే మందును మన దేశం 2019లో నిషేధించింది.

అయితే నిరోధకతను మనుషులే సృష్టించారనడం సరికాదు. కెనడా యూకాన్ ప్రాంతంలో 30,000 సంవత్సరాలుగా గడ్డకట్టి ఉన్న నేలనుండి తీసిన డి.ఎన్.ఏ.లో టెట్రాసైక్లిన్‌ను ఎదిరించే జన్యువులు ఉన్నాయని 2011లో ప్రకటించారు. ఆయుధం ఎంత పాతదో డాలు కూడా దాదాపు అంత పాతది. తన విషానికి తానే బలికాకుండా స్ట్రెప్టోమైసిస్‌కు కూడా ఒక డాలు అవసరం. మందుల వాడకం చేసినదల్లా మట్టిలో అరుదుగా ఉన్న ఆ డాళ్ళను ఆసుపత్రులకు, కోళ్ళ షెడ్లకు చేర్చి వాటికి విలువ పెంచడం.

తోడివేతకు, నెట్టివేతకు తట్టుకొనేలా టెట్రాసైక్లిన్ అణువును సవరించి టైగెసైక్లిన్ అనే కొత్త మందును తయారుచేశారు. అది రూపొందినది సుబ్బారావు పనిచేసిన పెర్ల్ రివర్‌లోనే. 2005లో అమెరికా ప్రభుత్వం దాని వాడకాన్ని అనుమతించింది. 2019లో చైనా పరిశోధకులు దానిని ముక్కలుచేసే ఎంజైముల జన్యువులను పశువుల బాక్టీరియాలలోను, మనుషుల బాక్టీరియాలలోను గుర్తించారు. ఆ జన్యువులు ఉన్నది ప్లాస్మిడ్‌లమీదనే.